కళ్లానికి పోని పంతులు

మల్కాయపల్లి బడి తాలూకా కచ్చేరిలో పుట్టలేదు, కళ్లంలో పుట్టింది. పొద్దున బయలుదేరితే ఎండ ముదరక ముందే ఖిల్లా ఘణపూర్ చేరుకోవచ్చు, ఆ ఊరు అంత దూరం. ఒక ఏడు వరికోతలప్పుడు కాపులంతా రాశి చుట్టూ కూర్చుని ఉంటే, పట్వారి రామచంద్రయ్య చుట్ట అంటించుకుంటూ అన్నాడట:

"వడ్రంగికి మేర ఉంది, కమ్మరికి ఉంది, చాకలికి, మంగలికి, చెరువు నీళ్లు చూసే నీరడికి ఉంది. పంతులుకు గూడ ఇంత మేర పెట్టుకుంటే మన పోరగాండ్లకు నాలుగక్షరాలు రావా?"

మేర అంటే గింజ ఇంటికి పోకముందే, కళ్లంలోనే, ఊరి పని చేసేవాళ్లకు కొలిచి పోసే వాటా. కాపులకు ఆ మాట నచ్చింది. జీతమంటే చేతి నుంచి పోయేది, మేర అంటే రాశిలోంచి పోయేది. రెండింటికీ వాళ్ల లెక్కలో చాలా తేడా ఉంది. అట్లా ఆ ఊరికి పంతులు కావలసి వచ్చాడు. వచ్చినవాడు ఖాజా మియా.

ఖాజా మియా తండ్రి దూది ఏకేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, నమాజుకు మాత్రం అరబ్బీ. కొడుకును వనపర్తిలో మేనమామ ఇంట పెట్టి చదివించాడు. మేనమామ చనిపోయేసరికి చదువు మధ్యలో ఆగింది. ఆగిన చదువుతోనే మల్కాయపల్లి చేరి, చావడి అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి, తెలుగూ లెక్కలూ కొంచెం ఉర్దూ చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పడం వచ్చినవాడు. కోపం వచ్చినా చెయ్యి లేపేవాడు కాదు, గడ్డం గోక్కునేవాడు. పిల్లలు ఆ గోకుడు చూసి భయపడేవాళ్లు.

మేర వరుసలో పంతులుది చివరి చోటు. నీరడి, కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి అందరూ పట్టుకున్నాక ఆయన కండువా పరిచి నిలబడాలి. రైతు చాటతో పోస్తూ "పట్టుకో పంతులూ" అనాలి, ఆయన "రాశి పెరగాలె" అనాలి. అన్న తర్వాత ఆ ఏడంతా ఆ ఇంటికి ఆయన పంతులు. వాళ్లకొచ్చిన ఉత్తరం చదవాలి, వాళ్ల పిల్లగాడు బడి ఎగ్గొడితే పోయి పట్టుకురావాలి, పెండ్లి పిలుపులు రాయాలి. కాపు కిష్టయ్య ఒకసారి తన ఎద్దును సంతలో అమ్మడానికి పంతులును వెంట తీసుకుపోయాడు, పక్కన చదువుకున్నవాడు ఉంటే ధర పెరుగుతుందని. ఖాజా మియా పోయాడు. ఎద్దు పక్కన నిలబడ్డాడు.

ఆ బడికి పెద్దలనీ సంఘమనీ వేరే లేదు. కళ్లమే అన్నీ. ఎవరు గింజలు పోస్తే వాళ్ల పిల్లవాడు అరుగు మీద కూర్చుంటాడు. కళ్లం లేనివాడికి బడి లేదు. ఈ మాట ఎవరూ పైకి అనలేదు; అనవలసిన అవసరం ఎవరికీ రాలేదు. జీతగాళ్ల పిల్లలూ, కూలివాడ పిల్లలూ చావడి ముందు నుంచి పశువులు తోలుకుని పోయేవాళ్లు. ఖాజా మియా వాళ్లను చూసేవాడు. చూసి ఎక్కాలు చెప్పించేవాడు. కొన్నేళ్లు అట్లాగే పోయాయి.

పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో, గ్యాసునూనె దొరక్క ఊరు చీకటి పడగానే తలుపులేసుకుంటున్న కాలంలో, ఖాజా మియాకు ఒక ఆశ పుట్టింది. సర్కారు వాళ్లు ఊరి బడులకు ఇమ్దాద్ ఇస్తారని ఘణపూర్‌లో విన్నాడు. బడులు తనిఖీ చేసే నాజర్ సాబు వచ్చి చూస్తాడు. పిల్లలు తగినంత మంది ఉండాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. అప్పుడు బడికి నెల నెలా సాయం వస్తుంది. పట్వారికి చెప్పాడు. పట్వారికి ఇష్టమైంది. సర్కారు ముద్ర ఉన్న బడి పక్క ఊళ్లలో దేనికీ లేదు.

"నాజర్ సాబు ఎప్పుడొస్తడు?" అన్నాడు పట్వారి.

"పుష్యంల అంటున్నరు."

"ఇగ చావు. పుష్యంల జొన్న పాలు పోసుకుంటది. పోరగాండ్లంత మంచెల మీద పిట్టలు కొట్టుకుంట ఉంటరు. అరుగు మీద నువ్వు, నేను కూసోవాలె."

మళ్లీ తనే అన్నాడు: "వాడలకెల్లి పట్టుకరా. దేవరాజు బిడ్డ ఉంది, సాయన్న కొడుకులున్నరు. తలకాయలే గద నాజర్ సాబు లెక్క పెట్టేది."

"తలకాయలు సాలవు పట్వారీ. నోరు తెరిస్తె జవాబు రావాలె. ఒక్కనాడు తెచ్చి కూసోబెడితె ఏం చెప్తరు?"

"అయితే దసరకెల్లి కూసోబెట్టుకో. జర ఎడంగ కూసోబెట్టు. పనైనంక పంపియ్యొచ్చు."

అట్లా కూలివాడ పిల్లలు బడి అరుగు ఎక్కారు. తలకాయలు తక్కువై.

అందరికన్నా ముందు ఎక్కింది మణెమ్మ. తండ్రి దేవరాజు, తల్లి భాగ్యమ్మ. మిషను వాళ్ల మతంలో కలిసిన కుటుంబం. వానలు తగ్గగానే మేస్త్రి గుంపుతో ఎక్కడెక్కడి చెరువు కట్టలకో మట్టిపనికి పోతారు, మళ్లీ వానలకు తిరిగొస్తారు. ఆ ఏడు దసరా కాగానే గుంపు కదలడానికి సిద్ధంగా ఉంది. పిల్ల కూడా తట్ట మోసే వయసుకు వచ్చింది. ఖాజా మియా వాళ్ల గుడిసె ముందుకు పోయి అడిగాడు.

"బడికా?" దేవరాజు నవ్వాడు. "ఎవరు రానిచ్చిండ్రు, పంతులు సాబు?"

"పట్వారే అన్నడు."

"నాజర్ సాబు వచ్చేదాంక అన్నడా, తర్వాత గూడనా?" అన్నది లోపలి నుంచి భాగ్యమ్మ.

ఖాజా మియా గడ్డం గోక్కున్నాడు. నిజం చెప్పవచ్చు. చెబితే పిల్ల రాదు. "నాలుగో తరగతి దాంక నాది జిమ్మ. ముసలమ్మ దగ్గర ఇడిసిపోండ్రి. నేను చూసుకుంట," అన్నాడు.

"ఈయన మాట నమ్మి పిల్లను ఇడిసిపెడితివి, సూడు," అని భాగ్యమ్మ మొగుణ్ని తిట్టింది. కానీ మేస్త్రి బండి కదిలిన పొద్దు మణెమ్మ నాయనమ్మ దగ్గరే ఉంది.

పిల్ల మాటకారి. ఏది చెప్పినా "ఎందుకట్ల?" అని అడిగేది. భాగహారం చెబితే మిగిలింది ఎవరికి పోతుందని అడిగింది. ఖాజా మియాకు ఇన్నేళ్లలో ఆ ప్రశ్న వేసినవాళ్లు లేరు. ఆ రోజు అన్నం తింటూ భార్య షరీఫాబీకి చెప్పి నవ్వాడు. "మిగిలింది పట్వారికి పోతదని చెప్పకపోయినవా?" అన్నది షరీఫాబీ.

పుష్యంలో నాజర్ సాబు గుర్రం మీద వచ్చాడు. ఊరు తయారైంది. కూలివాడ పిల్లలకు బట్టల్లేవని కాపుల ఇండ్ల నుంచి చొక్కాలూ లంగాలూ ఎరువు తెచ్చారు. మణెమ్మ ఒంటి మీద కిష్టయ్య మనమరాలి లంగా. నాజర్ సాబు పట్వారి మనమడిని లెక్క అడిగితే వాడు తాత మొహం చూశాడు. మణెమ్మను అడిగితే పలక మీద చేసి, ఎట్లా చేసిందో తెలుగులో గడగడా చెప్పింది. చెప్పని పాఠం తెరిచి ఇచ్చినా చదివింది, తడబడిన చోట మళ్లీ వెనక్కి పోయి చదివింది. నాజర్ సాబు సంతోషించి, "ఈ ఊరి పెద్దలు గొప్పవాళ్లు, అందరి పిల్లలనూ బడికి పంపుతున్నారు," అని ఉర్దూలో అన్నాడు. ఖాజా మియా దాన్ని తెలుగు చేసి చెప్పాడు. పెద్దలు తలలూపారు.

గుర్రం మలుపు తిరిగిందో లేదో, చావడి మెట్ల మీదే ఎరువు బట్టలు విప్పించారు. పిల్లలకు అది ఆటలాగే ఉంది, ఇకిలిస్తూ వాడకు పరుగెత్తారు. కిష్టయ్య పెండ్లాం ఆ లంగాను ఇంట్లోకి కూడా తీసుకుపోకుండా అటు నుంచి అటే చాకలికి వేసింది. ఖాజా మియా అది చూస్తూ నిలబడ్డాడు.

ఉగాదికి ఇమ్దాద్ మంజూరైంది. పట్వారి ఆయన్ను పిలిపించాడు.

"పని మంచిగైంది పంతులూ. ఇగ వాడ పిల్లలను పంపియ్యి. కాపులు గులుగుతున్నరు."

"నాజర్ సాబు మళ్ల వస్తడు గద, పట్వారీ."

"వచ్చినపుడు చూద్దాం."

"జర వానలు పడనీ," అని ఖాజా మియా వాయిదా వేశాడు. వానలు పడ్డాయి. నాట్లు పడ్డాయి. పిల్లలను పంపలేదు. ఎవరైనా అడిగితే ఏదో ఒకటి చెప్పేవాడు. కిష్టయ్య చావడి ముందు ఆగి, "మా గింజలు తినుకుంట మా మాట వినకపోతే ఎట్ల పంతులూ?" అన్నాడు. కోపంగా అనలేదు, పెరట్లో ఆవును అదిలించినట్టు అన్నాడు. ఆ మాటే ఖాజా మియా మనసులో పడి మొలకెత్తింది.

గింజలు తింటేనే కదా మాట వినాలి. సర్కారు సాయం వస్తున్నది, ఇంకా ఆ గింజలెందుకు? మేర పట్టకపోతే ఆ మాట అనేవాడుండడు. బడి సర్కారుది అవుతుంది, అరుగు మీద ఎవరు కూర్చోవాలో పంతులు చెబుతాడు. పైగా కాపులకు గింజలు మిగులుతాయి, వాళ్లే సంతోషిస్తారు. ఎటు నుంచి చూసినా ఆయనకు ఇందులో తప్పు కనబడలేదు. పుస్తకాల్లో నేర్చుకున్నవాడికి ఊరు పుస్తకంలాగే కనబడుతుంది.

కార్తీకంలో కోతలు మొదలయ్యాయి. వడ్రంగి కురుమయ్య కండువా భుజాన వేసుకుని వచ్చాడు. ఇద్దరూ వరస కలుపుకుని ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు.

"నడువు బావా, కిష్టయ్య కళ్లం తూర్పారబడుతుండ్రు."

"నేను రాను."

"పానం బాగ లేదా?"

"బాగానే ఉంది. ఈ యేటి సంది మేర పట్ట."

కురుమయ్య నవ్వాడు. తర్వాత అది నవ్వులాట కాదని తెలిసి అక్కడే గొంతుక్కూర్చున్నాడు. "ఏంది బావా, గిట్ల మాట్లాడుతున్నవ్? మేర అంటే కూలి అనుకున్నవా, ఒద్దంటె అయిపోనీకి? నేను పోకపోతే నా మేర ఎవరు ముట్టరు తెల్సా? అది ఇంటికి తీస్కపోరు. కళ్లంల ఒక మూలకు పోసి పోతరు. అలిగిన కుప్ప అంటరు దాన్ని. అట్లాంటి కుప్ప కళ్లంల మిగిల్తె ఆ రైతుకు సంవత్సరమంత నిద్ర పట్టదు."

"వాళ్ల గింజలు వాళ్లకే మిగుల్తయి, నిద్రెందుకు పట్టదు?"

"నీకు చెప్పుడు నాతోటి గాదు. నా తోటి కళ్లంకు వచ్చి ఊకె నిలబడు. తెచ్చినంక పిట్టలకు వేసుకో."

ఖాజా మియా పోలేదు. షరీఫాబీ రెండు రోజులు చూసింది. మూడోనాడు, "నువ్వు మంచిదే చేస్తున్నవు. కాని చేసే ముందు వాళ్లకొక మాట చెప్తే ఏం పోతుండె?" అన్నది. చెబితే ఒప్పుకోరని ఆయన చెప్పలేదు. అదీ నిజమే.

ఆ ఏడు ఊళ్లో ప్రతి కళ్లంలోనూ ఒక చిన్న కుప్ప మిగిలింది. కిష్టయ్య తల్లి, పండు ముసలిది, ఆ కుప్ప దగ్గర కూర్చుని ఏడ్చిందని చెప్పుకున్నారు. పిట్టలు తిన్నన్ని తిన్నాయి, మిగిలినవి మంచుకు నాని మొలకలొచ్చాయి. కిష్టయ్య ఒకరోజు బడికి వచ్చాడు. అరుగు ఎక్కలేదు.

"మా గింజలు నీకు చేదైనయా, పంతులూ?"

"అట్ల గాదు కిష్టన్నా. నీకు మిగుల్తయని..."

"నేను అడిగిన్నా మిగలాలని? మా తాత ముత్తాతల కాలంల గూడ మా రాశి కాడికెల్లి ఎవ్వరు అలిగి పోలే. ఏం తప్పు చేస్తిమో చెప్పు. ఒట్టిగ ఒక్క మాటన్నందుకు గింత పగనా?"

కిష్టయ్య కళ్లలో నీళ్లున్నాయి. అదే ఖాజా మియా ఊహించనిది. తిడతారనుకున్నాడు, సంతోషిస్తారనుకున్నాడు, నొచ్చుకుంటారనుకోలేదు. వాళ్లు ఎవరినీ మనిషిగా లెక్కపెట్టరని అనుకున్నవాడు, తనను వాళ్లు ఒక తీరుగా తమవాణ్ని చేసుకున్నారని అప్పుడు తెలుసుకున్నాడు. ఆ తమవాళ్లలోకి మణెమ్మ రాదన్నది కూడా అంతే నిజం. రెండూ ఒకే కళ్లంలో ఉన్నాయి. ఒకదాన్ని తన్నితే రెండోది పగులుతుందని అనుకోవడం ఆయన చేసిన పొరపాటు.

కిష్టయ్య మనమరాలు మరునాడు బడికి రాలేదు. తర్వాత ఒక్కొక్కరే తగ్గారు. ఎవరూ గొడవ పడలేదు, ఎవరూ ఒక మాట అనలేదు. దారిలో ఎదురైతే పలకరించారు కూడా. పట్వారి మాత్రం నవ్వుతూ అన్నాడు: "బడి ఇప్పుడు సర్కారుదాయె గద. చావడి ఊరిది. సర్కారునే జాగ చూసుకొమ్మను." చావడికి తాళం పడింది.

ఖాజా మియా తన ఇంటి ముందు పందిరి కింద కూర్చోబెట్టాడు. మిగిలింది మణెమ్మ, సాయన్న కొడుకులు, ఇంకొకరిద్దరు. అంత బాగా ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఆ కొద్ది నెలల్లో మణెమ్మ నాలుగో తరగతి లెక్కలు ముట్టుకుంది. పుష్యంలో నాజర్ సాబు మళ్లీ వచ్చాడు. ఈసారి మరొకతను. పందిరి చూశాడు, పిల్లల్ని చూశాడు. మణెమ్మ జవాబు చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ఊరి పెద్దల మద్దతు లేని బడికి ఇమ్దాద్ ఉండదు. ఎంతమంది ఉన్నారన్నది కూడా ముఖ్యమే."

"ఈ పిల్లను ఒక్క లెక్క అడగండి సాబ్," అన్నాడు ఖాజా మియా.

"ఒక్క పిల్ల కోసం బడి నడవదు," అని ఆయన గుర్రమెక్కాడు.

ఇమ్దాద్ ఆగింది. మేర లేదు. కొన్నాళ్లు షరీఫాబీ పుట్టింటి వాళ్లు జొన్నలు పంపారు. కొన్నాళ్లు ఖాజా మియా తండ్రి వదిలేసిన విల్లు కిందికి దించి దూది ఏకాడు. చెయ్యి తిరగలేదు. ఆ ఎండాకాలంలోనే తుంగభద్ర మీద పెద్ద ఆనకట్ట పని మొదలైందని మేస్త్రి గుంపులు కదిలాయి. దేవరాజు పిల్ల కోసం మనిషిని పంపాడు. మణెమ్మ పోయే ముందు చెప్పడానికి వచ్చింది.

"బడి మళ్ల పెడితే కబురు పంపు, పంతులు సాబు."

"పంపుత," అన్నాడు.

కోతలు మళ్లీ వచ్చాయి. ఈసారి కురుమయ్య పిలవలేదు. ఖాజా మియానే పోయి ఆయన ఇంటి ముందు నిలబడ్డాడు, భుజాన కండువా. కురుమయ్య ఏమీ అడగకుండా చెప్పులు తొడుక్కున్నాడు. ఇద్దరూ కిష్టయ్య కళ్లానికి పోయారు. వరుసలో చివర నిలబడ్డాడు. నీరడి పట్టాడు, కమ్మరి పట్టాడు, అందరూ పట్టారు. ఆయన వంతు వచ్చింది. కిష్టయ్య చాట నిండా ముంచి పోశాడు, మళ్లీ ముంచి పోశాడు. పోయినేటిది కూడా కలిపి పోశాడు. ముసలిది రాశి పక్కన కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నది. ఎవరూ ఏ షరతూ పెట్టలేదు. పెట్టి ఉంటే బాగుండేది, కాదనడానికి ఏదో ఒకటి దొరికేది.

"పట్టుకో, పంతులూ."

"రాశి పెరగాలె," అన్నాడు ఖాజా మియా. తల వంచి మూటను రొమ్ముకు హత్తుకున్నాడు. అందరూ అది సంతోషమనుకున్నారు.

మరునాడు చావడి తాళం తీశారు. కాపుల పిల్లలు వచ్చారు. ఖాజా మియా ఎవరికీ కబురు పంపలేదు. తుంగభద్ర దూరమనుకున్నాడు, ఎవరితో పంపాలో తెల్వదనుకున్నాడు. అనుకోవడానికి చాలా దొరికాయి. పట్వారి నడిచిన సంగతులు మరిచిపోయినట్టు మళ్లీ నాజర్ సాబుకు మనవి పెట్టించాడు.

వానలకు గుంపు తిరిగొచ్చింది. ఒక పొద్దున ఖాజా మియా ఎక్కాలు చెప్పిస్తుంటే చావడి మెట్ల కింద భాగ్యమ్మ కనబడింది, చేతిలో కొడవలి. పక్కన మణెమ్మ. పొడుగైంది. మెడ గట్టిపడింది, తట్ట మోసిన పిల్లలకు గట్టిపడినట్టు. ఆయన దిగి వచ్చాడు.

"బడి నడుస్తుందని అన్నరు," అన్నది భాగ్యమ్మ. "అందుకే తోలుకొచ్చిన. నీ మాట నీకు యాదికుందో లేదో చూద్దామని."

ఖాజా మియా లోపలికి చూశాడు. కిష్టయ్య మనమరాలు పలక ఒళ్లో పెట్టుకుని చూస్తున్నది.

"ఈ యేడు..." అన్నాడు. "ఈ యేడు జాగ తక్కువుంది."

భాగ్యమ్మ అరుగు చూసింది. సగం అరుగు ఖాళీగా ఉంది. "కనబడుతుంది," అన్నది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. మొగుడు నమ్మినదాన్ని తను నమ్మకపోయినందుకు ఆమెకు కొంచెం సంతోషంగా కూడా ఉందేమో, తెలియదు.

మణెమ్మ అంది, "నాజర్ సాబు వచ్చేటప్పుడు పిలుస్తవా?"

వెక్కిరింపు కాదు. ఆ పిల్ల బడిని ఉన్నది ఉన్నట్టు అర్థం చేసుకుని, అందులో తనకు మిగిలిన చోటు ఏదో అడుగుతున్నది.

"పిలుస్త," అన్నాడు ఖాజా మియా.

వాళ్లు పట్వారి చేలో కలుపుకు పోయారు. ఆయన అరుగెక్కి, ఎక్కం మొదటి నుంచి చెప్పమన్నాడు.

ఆ పుష్యంలో నాజర్ సాబు వచ్చాడు. జొన్న ఆ ఏడు సరిగా మొలవలేదు, మంచెల మీద పని లేదు, కాపుల పిల్లలంతా బడిలోనే ఉన్నారు. తలకాయలు సరిపోయాయి. కూలివాడకు పొమ్మని పట్వారి అనలేదు, ఖాజా మియా పోలేదు. పట్వారి మనమడు ఈసారి ఒక లెక్క చెప్పగలిగాడు. ఇమ్దాద్ మళ్లీ వచ్చింది, మేరా వచ్చింది, ఆయన రెండూ పట్టాడు. మణెమ్మ ఆ రోజు ఊళ్లోనే ఉంది. చావడికి రెండు చేల అవతల మిరపకాయలు ఏరుతున్నది. గుర్రం వచ్చిన చప్పుడు వినే ఉంటుంది.